రెండో ఇంజెక్షన్

సురేంద్రనాథ్ చొక్కా జేబు మీద చెయ్యి అదుముకుని వార్డులోకి వచ్చిన తీరు చూస్తే, కోడిని దాచుకున్నవాడే నయం. హరిత గుమ్మంలోనే ఆపింది.

"జేబులో ఏటది?"

"పెన్ను."

"పెన్నుకి ఐసు ముక్కలెందుకండీ? చొక్కా తడిసిపోతంది."

"బయట వాన కదా, మేడమ్!"

"వాన జేబులోనే కురిసిందేటి?"

కిడ్నీలో రాయికి ఆపరేషనయ్యాక అతని తండ్రి గురుమూర్తిని చలిజ్వరం పట్టుకుంది. రక్తంలో చేరిన క్రిమి మామూలు మందులకి లొంగని మొండిది. అలాంటివాళ్ళకి ఒక్క యాంటీబయాటిక్ చాలా, రెండు కలిపి ఎక్కించాలా అని ఆ ఆసుపత్రిలో స్టడీ నడుస్తోంది. ఎవరికి ఏదన్నది కంప్యూటర్ లాటరీ తీసినట్టు చెబుతుంది. గురుమూర్తికి ఒకటే వచ్చింది. ఆ ఫారాలన్నీ చూసుకునేది హరిత, దగ్గర్లోని చరోదా రైల్వే కాలనీ తెలుగమ్మాయి.

"పక్క బెడ్ అంకుల్‌కి రెండు, మా నాన్నకి ఒకటా? మా స్టీల్ ప్లాంట్‌లో గ్యాస్ ఏరియాకి ఒక్కడిని పంపరు మేడమ్, ఇద్దరు వెళ్ళాలి. అందుకే దుర్గ్ బజార్లో రెండోది కొని ఐసులో పెట్టి తెచ్చీసాను."

"ఆ రెండోవాడు సాయం పడతాడో, కాళ్ళకి అడ్డం పడతాడో తెలీకే కదండీ ఈ స్టడీ! నాన్నగారు వద్దంటే ఇప్పుడే మానీయొచ్చు, ఎవరూ ఏటీ అనరు. తగ్గకపోతే డాక్టరుగారే మందు మార్చీస్తారు. ఎంతెక్కించాలో చూడకుండా దొంగచాటుగా ఎక్కిస్తే మాత్రం కిడ్నీలు పోవచ్చు."

సురేంద్ర పొగరు దిగిపోయింది. "డర్ లగ్తా హై మేడమ్. నాన్నకేటైనా అయితే?"

"నాకూ భయమేనండీ. పొద్దున్న రాగానే ముందు ఆయన చార్టే చూస్తాను."

మంచం మీద గురుమూర్తి ఒక కన్ను తెరిచాడు. "ఒరే, ఒళ్ళు నాది, సంతకం నాది. ఆ మందు సీసా ఈ పాపకిచ్చీ."

సురేంద్ర ఇచ్చేశాడు. రెండు రోజులు తిండి మానేసి థర్మామీటర్‌కేసే చూశాడు. మూడోనాడు తండ్రికి జ్వరం దిగింది, వారానికి రక్తం శుభ్రమైంది. ఆ సంతోషంలో హరిత దగ్గరకి పరిగెత్తాడు.

"మీకో మాట చెప్పాలి."

"ఇప్పుడొద్దు. మందు మొదలెట్టిన ఇరవై ఎనిమిదో రోజున ఫోన్ చేసి పేషెంట్ ఎలాగున్నారో రాసుకోవాలి. అప్పటిదాకా నేను స్టడీ మనిషిని." మొహం మాత్రం ఎర్రబడింది.

ఆ రోజు రానే వచ్చింది. సురేంద్ర వాళ్ళ సెక్టర్ 4 క్వార్టర్లో ఫోన్ మోగింది.

"జ్వరమేటైనా ఉందా అంకుల్?"

"లేదు."

"ఆకలి?"

"ఇప్పుడే ఎనిమిది ఇడ్లీలు లాగించీసాను."

"అయితే ఫారం మూసీసాను. ఫోన్ ఒకసారి మీ అబ్బాయికిస్తారా?"

"ఇవ్వడానికేటుందమ్మా, అరగంట నుంచీ వాడి చెవి దీనికే అతుక్కునుంది!"

సురేంద్ర ఫోన్ లాక్కున్నాడు. "హరితగారూ... మీరంటే నాకు చాలా ఇష్టం."

అవతల గాజుల చప్పుడు, తర్వాత చిన్న నవ్వు. "ఆదివారం వచ్చి ఆ మాట మా అమ్మానాన్నలకి చెప్పండి."

"నేనూ వస్తానమ్మా!" పక్కనుంచి అరిచాడు గురుమూర్తి. "ఈ హిందీ ఊళ్ళో పెరిగిన వీడికి సగం తెలుగే వచ్చు, మిగతా సగం నేను మాటాడతాను!"