మొదటి పొలం మనదే

ఆ ఉదయం కోడలు వాగు నీళ్ళ సీసాలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. వంటింట్లో ఈ పాచి నీళ్ళేమిటని విసుక్కుంటూనే అత్తగారు గిన్నెలు జరిపి చోటిచ్చింది.

కోడలు మంచినీటి కేంద్రంలో నీళ్ళు పరీక్షించే ఉద్యోగి. కొంతకాలంగా వాగు పచ్చగా పాచిపట్టి, చేపలు చచ్చి తేలుతున్నాయి. కారణం కనిపెట్టే పని ఆమెకే అప్పగించారు. సాయంత్రం రైతుల సమావేశంలో అది చెప్పాలి.

మామగారిని అందరూ 'పచ్చ పెద్దాయన' అంటారు. ఆయన పైరంత పచ్చగా చుట్టుపక్కల మరొకటి ఉండదు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

ఏం తేలిందని ఆయనే అన్నం తింటూ అడిగాడు. భర్త కళ్ళతో వద్దని సైగ చేశాడు. అయినా ఆమె దాచలేదు.

"మన పొలానికి పైన నీళ్ళు బాగున్నాయి మామయ్యా. మన గట్టు దాటాకే పాడయ్యాయి. పైరు తీసుకోగా మిగిలిన ఎరువు వానకు కొట్టుకుపోయి వాగులో పడుతోంది. దాంతో పాచి పెరుగుతోంది. అది కుళ్ళితే చేపలకు ఊపిరాడదు. కింది పొలాల ఎరువూ కలుస్తోంది, కానీ మొదలు మనదే."

పెద్దాయన ముఖం కందగడ్డయింది. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా అన్నాడు. మిగతా వాళ్ళ సంగతి చెప్పి, తమ పొలం ఊసెత్తవద్దన్నాడు.

"అది నా వల్ల కాదు. మనింటిని తప్పిస్తే రేపు నా మాట ఎవరు నమ్ముతారు?" అంటూ ఆమె సీసాలు సంచిలో సర్దుకుంది.

ఆయన కంచం ముందు నుంచి లేచి పొలానికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం వాన దంచికొట్టింది. పొద్దున చల్లించిన ఎరువు గుళికలు ఇంకా కరగకుండానే, గట్టు తెగిన చోట నీళ్ళతో దొర్లుకుంటూ వాగులోకి పోతున్నాయి. ఆయన తడుస్తూ అక్కడే నిలబడిపోయాడు. ఎన్ని వానలు చూశాడో! ప్రతిసారీ పైరు వైపే చూశాడు గాని, నీళ్ళు పోయే వైపు చూడలేదు.

సమావేశంలో ఆమె మొదట తమ పొలం సంగతే చెప్పింది. కోడలే ఇంటి పరువు తీసిందని ఎవరో నవ్వారు. వెనక వరుసలోంచి పెద్దాయన లేచాడు.

"అది నిజమే. ఇవాళ నా కళ్ళతో చూశాను. వాన వచ్చేలా ఉంటే ఇక ఎరువు చల్లను. ఎరువు వాగులోకి పోకుండా ఆపేలా, వాగు పక్కన పది అడుగులు గడ్డికి వదిలేస్తాను. పరువంటారా, మొహమాటం లేకుండా నిజం చెప్పే మనిషి మా ఇంట్లో ఉంది. నాకు అంతకన్నా పరువేం కావాలి?"

కోడలి కళ్ళు మసకబారాయి. చెప్పబోయింది మరిచిపోయి అలాగే నిలబడింది.

"ఆగావేమ్మా?" అన్నాడు మామగారు కూర్చుంటూ. "చెప్పు, తర్వాతి పొలం ఎవరిది?"