ఆమె తరఫున మాట్లాడిన గొంతు

నేను ఫోన్ చేసింది ఆమెకి. ఎత్తింది మగవాడు.

"చెప్పండి, ఏ విషయం మీద ఫోన్ చేశారు?" అన్నాడు. గొంతు మెత్తగా, తీరుబడిగా ఉంది. ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చున్న మనిషి గొంతులా ఉంది.

అంతకు ముందు కూడా ఏదో అన్నాడు గానీ నాకు వినపడలేదు. నా వెనక తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. అద్దాల అంచులు కోసే మెషిన్ రొద అందులోంచి వస్తూనే ఉంది.

"ఆవిడ లేరా అండీ?"

"ఆవిడకి ఇప్పుడు మాట్లాడే వీలు లేదు. విషయం చెబితే నేను తెలియజేస్తాను."

"మీరెవరు?"

"నేను ఆవిడ తరఫున మాట్లాడుతున్నాను."

ఫోన్ పెట్టేశాను. చేతులకి అంటిన గాజు పొడి తుడుచుకోవడం కూడా మర్చిపోయి ల్యాబ్ మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆవిడ తరఫున మాట్లాడే మగవాడు ఎవరుంటారు? తండ్రయితే "మా అమ్మాయి" అంటాడు. అన్నయితే "మా చెల్లెలు" అంటాడు. "ఆవిడ" అన్నాడు. అంత గౌరవంగా ఎవరంటారు?

మాది కళ్ళజోళ్ళ అద్దాలు తయారుచేసే ల్యాబ్. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఫిజిక్స్ చదివాను. పుస్తకంలో గీతలుగా చూసిన కాంతిని ఇప్పుడు చేత్తో సరిచేస్తున్నాను కాబట్టి ఈ ఉద్యోగమంటే నాకు గౌరవం. ఆమె ఆరు వీధుల అవతల ఒక కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. రోజూ సాయంత్రం మా ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి పవర్లు, అద్దం కోణాలు చదువుతుంది. "రైట్ మైనస్ టూ, సిలిండర్ పాయింట్ ఫైవ్, యాక్సిస్ నైంటీ." రెండేళ్ళుగా మా మధ్య జరిగిన సంభాషణ అంతా ఇదే. ప్రేమలో పడటానికి ఇది చాలదని అనుకునేవాళ్ళు ఆమె "యాక్సిస్" అనడం వినలేదు.

సోమవారం పవర్లన్నీ చెప్పాక ఆమె ఫోన్ పెట్టేయలేదు. వాళ్ళ ఓనరు వేరే ఊళ్ళో బ్రాంచి తెరుస్తున్నాడని, తనని ఇన్‌ఛార్జిగా వెళ్ళమంటున్నాడని, శనివారంలోగా అవునో కాదో చెప్పాలని అంది. ఆ వెంటనే అడిగింది.

"మీరేమంటారు?"

పవర్ల గురించి కాకుండా ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. మా మేస్త్రీ పక్కనే ఉన్నాడు. పనివాళ్ళిద్దరు కుర్చీలు జరుపుకుని మరీ వింటున్నారు. నేను గొంతు సవరించుకుని, "మంచిదేగా అండీ, ప్రమోషనేగా" అన్నాను.

తర్వాత, "చివరిది యాక్సిస్ నైంటీ కాదు, వన్ ఎయిటీ. సరిచూసుకోండి" అని పెట్టేసింది.

ఆ మాట దిద్దుకోవాలనే మంగళవారం ఎవరూ వినకుండా బయటికొచ్చి, మొదటిసారి నా సొంత ఫోన్‌లోంచి, షాపు కార్డు మీదున్న ఆమె నంబరుకి చేశాను. అప్పుడు ఎత్తినవాడే ఈ మెత్తటి గొంతువాడు.

బుధవారం భోజనాల వేళ ఒక జత అద్దాలు నేనే పట్టుకుని షాపుకి వెళ్ళాను. తలుపు తోయగానే మొదట సెంటు వాసన, ఆ తర్వాత మనిషి కనిపించాడు. ఫ్రేముల కంపెనీ సేల్స్‌మన్. నెలకోసారి వచ్చి రెండు మూడు రోజులు ఊళ్ళో ఉంటాడు. మా ల్యాబ్‌లో అతని పేరే సెంటు. అతనూ ఆమే కౌంటర్ మీద ఒకే ఫోన్ మీదికి తలలు వంచి ఏదో చూస్తున్నారు. ఆమె నవ్వుతోంది. నాకు పవర్లు చదివేటప్పుడు ఆమె ఎప్పుడూ అలా నవ్వలేదు. మైనస్ టూలో నవ్వడానికేముంటుంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను గానీ మనసు వినలేదు.

నన్ను చూడగానే ఆమె ముఖం వెలిగింది. ఆ వెలుగు నా వల్లే అని ఒక్క క్షణం మురిసిపోయాను. కాదు, ఫోన్‌లో కొత్త అప్‌డేట్ వచ్చిందట. మొన్న సోమవారం దగ్గరుండి వేయించింది సెంటే.

తమ షాపుకొచ్చే పెద్దవాళ్ళ కోసమే చేసినట్టుందంటూ ఆమె ఒక్కొక్కటీ చూపించింది. చెవులు వినపడని వాళ్ళకి ఎదుటివాళ్ళ మాటలు తెర మీద అక్షరాలుగా పడతాయి. మందుబిళ్ళల అట్ట మీది సన్న అక్షరాల మీద కెమెరా పెడితే అరచేతంత చేసి చూపిస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని వాళ్ళకి రంగులు మార్చి ఇస్తుంది. ఇంకెవరైనా అయితే ఇవి చూసి అద్దాలు కొనడం మానేస్తారేమోనని భయపడతారు. ఆమె మాత్రం ఎవరికి ఏది పనికొస్తుందో మనుషుల్ని గుర్తుచేసుకుని మరీ చెబుతోంది.

నేను వింటున్నట్టు తలాడిస్తూ సెంటు వంక చూస్తున్నాను. అతను ఒక్కసారే మాట్లాడాడు. "ఆ ఇంకోటి కూడా చూపించండి" అన్నాడు. మెత్తగా, తీరుబడిగా. ఇంకేం కావాలి నాకు?

"అవును, అన్నిటికంటే నాకు బాగా పనికొచ్చింది ఇదే" అని ఆమె మొదలుపెట్టబోయింది.

"నాకు పనుందండీ" అని అద్దాల కవరు కౌంటర్ మీద పెట్టి వచ్చేశాను.

గురువారం మళ్ళీ చేశాను. ఈసారి మెషిన్ రొద లేదు. అయినా అతను మొదలుపెట్టిన మాట పూర్తి కానివ్వకుండా నేనే అందుకున్నాను.

"మళ్ళీ మీరేనా?"

"చెప్పండి, ఏ విషయం మీద ఫోన్ చేశారు?"

"నిన్న షాపులో మిమ్మల్ని చూశాన్లెండి. ఆవిడ ఫోన్ పొద్దస్తమానం మీ దగ్గరే ఉంటుందా?"

"మీరు చెప్పింది ఆవిడకు తెలియజేస్తాను."

"ఏమీ తెలియజేయొద్దు. నేను మీతోనే మాట్లాడుతున్నాను. ఫ్రేములు అమ్ముకోవడానికి వచ్చారు, అమ్ముకోండి. నెలకోసారి సెంటు కొట్టుకుని వచ్చి నవ్వించి పోవడం ఎవరైనా చేస్తారు. ఆవిడ చెప్పిన పవర్ వెంట్రుకవాసి తేడా రాకుండా రెండేళ్ళుగా అద్దం చేసి పంపుతున్నది ఎవరో తెలుసా మీకు?"

"అర్థమైంది. ఇంకేమైనా చెప్పాలా?"

ఆ మర్యాద చూస్తే ఒళ్ళు మండిపోయింది. తిడితే తిరిగి తిట్టేవాడితో ఎలాగో పడొచ్చు. ఇలా ఇంకేమైనా చెప్పాలా అని అడిగేవాడితో ఎలా పోట్లాడతాం?

"చెప్పాలి. ఆవిడ ఆ ఊరు వెళ్ళిపోతే ల్యాబ్‌లో ఫోన్ మోగినా నాకు ఎత్తబుద్ధి కాదు. కానీ ఇది మాత్రం ఆవిడకి చెప్పకండి. మగవాడిగా మాటివ్వండి."

"తప్పకుండా ఆవిడకు తెలియజేస్తాను. ధన్యవాదాలు."

శుక్రవారం పొద్దున కంచం ముందు ఊరికే కూర్చున్న నన్ను చూసి మా చెల్లి కూపీ లాగింది. అంతా విని, ఫోన్ తన చేతికిమ్మంది. వాడి సంగతి తను తేలుస్తానంది. స్పీకర్ పెట్టి నంబరు నొక్కింది. అటు గొంతు మొదలైంది. ఈసారి మధ్యలో అందుకోవడానికి ఫోన్ నా చేతిలో లేదు.

"నమస్కారం. నేను ఫోన్ సహాయకుణ్ణి. తెలియని నంబర్ల నుంచి వచ్చే కాల్స్ ఈ ఫోన్ యజమాని తరఫున నేను తీసుకుంటాను. చెప్పండి, ఏ విషయం మీద ఫోన్ చేశారు?"

చెల్లి నెమ్మదిగా కాల్ కట్ చేసింది.

"అన్నయ్యా, నిన్న నువ్వు పోట్లాడింది ఫోన్‌తోనా?"

అది గోడకి ఆనుకుని అలాగే జారి కింద కూర్చుని నవ్వింది. మగవాడిగా మాటివ్వమన్నావా అని ఒకసారి, సెంటు వాసన కూడా వచ్చిందా అని ఒకసారి అడిగి మళ్ళీ నవ్వింది. నీ ఫోన్‌కి అప్‌డేట్లు ఆగిపోయి మూడేళ్ళయింది, నీకెలా తెలుస్తుందిలే అని జాలి కూడా పడింది. అంతలో చటుక్కున నవ్వు ఆపింది.

"నువ్వన్న ప్రతి ముక్కా ఆవిడ ఫోన్ తెర మీద అక్షరాలుగా పడుతుంది, తెలుసా? చెరిపేసేదాకా అక్కడే ఉంటుంది."

ఆ రోజు ల్యాబ్‌లో మూడు అద్దాలు పాడుచేశాను. సాయంత్రం ఆమె ఫోన్ చేసినప్పుడు నేను బాత్రూమ్‌లో ఉన్నానని మేస్త్రీ చేత చెప్పించాను. పవర్లు అతనే రాసుకున్నాడు.

శనివారం మాత్రం దాక్కోలేకపోయాను. ఆమె జవాబు చెప్పాల్సిన రోజు అది. పోయిన పరువు ఎలాగూ పోయింది, మనిషి కూడా పోతే ఎలా అనుకుని షాపు తెరవగానే వెళ్ళాను.

బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. రిటైరైన హెడ్మాస్టరు, కొత్త కళ్ళజోడు బిగింపు సరిచేయించుకోవడానికి వచ్చాడట. నన్నూ నా చొక్కా జేబు మీది ల్యాబ్ పేరునీ తేరిపార చూసి, "ఆ సెంటు సంగతి మాట్లాడింది నువ్వేనా నాయనా?" అన్నాడు.

గురువారం నేను ఫోన్ చేసినప్పుడు ఆమె లోపల ఎవరికో కళ్ళు పరీక్ష చేస్తోందట. ఫోన్ కౌంటర్ మీద ఉంది. పెద్దవాళ్ళకి చూపించడానికి అక్షరాలు బాగా పెద్దవి చేసి పెట్టిందట. ఈయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని చదవడానికి ఏదైనా ఉందా అని చూస్తుంటే ఎదురుగా నా మాటలు ఒక్కొక్కటే వచ్చి పడుతున్నాయట. బెంచీ మీదున్న మిగతా నలుగురికీ వినపడేలా పైకే చదివాడట.

"చివరి మాట వరకూ చక్కగా కనిపించింది" అని తన కొత్త అద్దాలని మెచ్చుకున్నాడు. ఆ అద్దాలు చేసింది నేనే. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె లోపలి గది తలుపు తీసి పట్టుకుంది. "రండి, కూర్చోండి" అంది. అక్కడున్నది కళ్ళు చూపించుకునేవాళ్ళ కుర్చీ ఒక్కటే. కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద అక్షరాల బోర్డు, పక్కన చేతులు కట్టుకుని ఆమె.

ఆ గొంతు ఎందుకు పెట్టుకుందో ముందు అదే చెప్పింది. షాపు కార్డు మీద తన నంబరుంది. ఒకసారి వచ్చిపోయిన వాళ్ళలో కొందరు రోజూ చేస్తారు. అద్దాల గురించి మొదలుపెట్టి ఎక్కడికో వెళ్తారు. ఆడగొంతు వింటే ఒక పట్టాన ఫోన్ పెట్టరు. కొత్త అప్‌డేట్‌లో తెలియని నంబర్లకి ఫోనే జవాబిస్తుందని, కావాలంటే మగగొంతు పెట్టుకోవచ్చని సెంటు చెప్పాడు. అతనికి ఇద్దరు పిల్లలు. వాళ్ళ ఆవిడకీ అదే పెట్టించాడట.

"ఈ వారంలో ఒక్క పిచ్చి ఫోన్ కూడా నా దాకా రాలేదు" అని, నా వంక చూసి, "మీది తప్ప" అంది.

తలదించుకున్నాను. తప్పయిందన్నాను. ఆమెని అనుమానించలేదని, అతని మీదే కోపమని అన్నాను. ఆ రెంటికీ తేడా లేదని అంటుండగానే నాకే తెలిసిపోయింది.

"మీకు అసూయ వచ్చిందని కాదు నా కోపం" అంది ఆమె. "పోయినేడాది ఒక మధ్యాహ్నం మీ ల్యాబ్‌కి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తింది. గలగలా నవ్వుతూ, అన్నం తింటున్నాడండీ, పిలవనా అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. కానీ ఏం చేశాను? మర్నాడు మీ మేస్త్రీని అడిగాను. మీకు క్యారియర్ తెచ్చిన మీ చెల్లెలని చెప్పారు. ఒక్క నిమిషంలో తేలిపోయింది. మీరు నన్ను అడగొచ్చుగా?"

నేను తలెత్తాను. "మీకు అన్నం సహించలేదా?"

"అది వదిలేయండి."

"వదలను."

ఆమె బోర్డు వైపు తిరిగిపోయింది. చెవులు ఎర్రబడటం వెనక నుంచి కూడా కనిపించింది. అలాగే నిలబడి అడిగింది.

"సోమవారం నేనడిగినదానికి ఇప్పుడు జవాబు చెప్పండి. ఫోన్‌కి చెప్పినట్టు కాదు. నాకు చెప్పండి."

దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీరు వెళ్తే నాకు చాలా బాధగా ఉంటుంది. మీరు కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగాన్ని నా బాధ కోసం వదులుకోమని మాత్రం అడగను. వెళ్ళండి. నాకు మీరంటే ఇష్టం. ఇక్కడున్నా అక్కడున్నా ఇష్టమే. మా అమ్మానాన్నలతో చెప్పి మీ ఇంటికి రావాలనుకుంటున్నాను. మీరు ఒప్పుకుంటేనే."

"పొద్దునే ఓనరుకి వస్తానని చెప్పేశాను" అంది ఆమె. "మీరు వద్దన్నా వెళ్ళేదాన్నే. కానీ మీరేమంటారో వినకుండా బస్సెక్కాలనిపించలేదు." ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవులు నవ్వుతున్నాయి. "మా నాన్న ఆదివారం ఇంట్లోనే ఉంటారు."

ఆదివారం మా నాన్న కొత్త చెప్పులు వేసుకుని మరీ వచ్చాడు. వాళ్ళ నాన్న అన్నీ మెల్లగా కనుక్కుని, చివర్లో నా వైపు తిరిగి, అబ్బాయికి కోపం ఎక్కువేమో అన్నాడు. మా అమ్మ అడ్డుపడింది. మనుషుల మీద ఎప్పుడూ లేదన్నయ్యగారూ, ఈ మధ్య ఫోన్ల మీదే అంది. ఆయన నవ్వేశాడు. ఆ నవ్వుతోనే పెళ్ళి మాట ఖాయమైంది.

బ్రాంచి తెరిచే రోజు ఆమెతోపాటు నేనూ బస్సులో వెళ్ళాను, అద్దాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని. షాపుకి ఎదురుగా మందుల షాపుంది. దాని యజమాని మా వయసువాడే. బోర్డు కట్టడానికి నిచ్చెన తెచ్చిచ్చాడు. ఎవరూ అడగకుండానే మంచినీళ్ళ సీసాలు తెచ్చాడు. రోడ్డు మీద నిలబడి, ఎడమవైపు కాస్త పైకి అని ఆమెకి సైగ చేశాడు. చక్కగా నవ్వాడు కూడా.

మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నాను. ఆ తర్వాత, ఫ్రేములు తుడుస్తున్న ఆమె దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాను.

"అతనికి పెళ్ళయిందంటారా?"

ఆమె చేతిలో ఫ్రేము పక్కన పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి, రోడ్డు అవతలికి వినపడేలా పిలిచింది.

"ఏమండీ, మీకు పెళ్ళయిందా? మా ఆయన అడుగుతున్నారు."

మా ఆయన అంది. పెళ్ళికి ఇంకా రెండు నెలలుంది.

అవతల అతనేదో జవాబు చెప్పాడు. నేను వినలేదు.