ఆదిశేషమ్మ గడప

"తెల్ల మేక ఉండాదా?" అని అడిగింది రమణి.

"కొమ్ము ఇరిగింది ఉండాది. తీసుకుంటావా?" అన్నాడు మేకల బేరగాడు.

పాస్‌వర్డ్ సరిపోయింది. ఉదయగిరి బస్టాండు వెనక, నాలుగు మేకల తాళ్ళు చేతికి చుట్టుకుని నిలబడ్డ ఆ మనిషి సీక్రెట్ సర్వీస్ సౌత్ జోన్ చీఫ్ పెంచలనరసయ్య. మారువేషానికి ఆయన పెట్టింది పేరు. వాసన దగ్గర కూడా రాజీపడడు.

"విను. విదేశాల్లో పనిచేసే మన ఏజెంట్లు పదకొండు మంది పేర్లు, ఫొటోలు లీకయినాయి. మినపగింజంత చిప్‌లో పెట్టినారు. ఈ పని చేసింది ఒక ఫారిన్ గూఢచారుల రింగ్."

"చిప్ యాడ ఉండాది, సార్?"

"ఆత్మకూరులో జనార్దనయ్య అనే ఆయనకు యాంటిక్ షాపు ఉండాది. శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆయన సరుకు పోర్టుకు పోతాది, ఫారిన్‌కు. మనం పట్టిన మెసేజ్‌లో రెండే మాటలు. 'గడపలో ఉంది.'"

"రెయిడ్ చేస్తే పోలా?"

"పోలీసు టోపీ కనపడితే చాలు, రిమోట్ నొక్కుతారు. ఇరవై సెకన్లలో లిస్టు గాల్లోకి పోతాది. పంపింది ఎవురో మనకు తెలిసిపోద్దని అది ఆఖరి దారిగా పెట్టుకున్నారు. నువ్వు పనిమనిషిగా షాపులో చేరు. లోపల మన మనిషి ఒకామె ఉండాది, చాందిని. రింగులో దూరి మనకు కబుర్లు అందిస్తా ఉండాది. నీకు సాయం చేస్తాది."

చీఫ్ మేకల తాళ్ళు చెయ్యి మార్చుకున్నాడు.

"లిస్టులో ఐదో పేరు ప్రసన్నకుమార్."

అతను రమణి భర్త. పెళ్ళయి ఇరవై ఆరు రోజులయింది. ఏడో రోజున అతను డ్యూటీకి విమానం ఎక్కాడు. ఉన్న ఆరు రోజుల్లో భార్యకు అతను నేర్పిన విద్య ఒకటే, గోలీసోడాను ఎడమచేతి బొటనవేలితో కొట్టడం. ఆ పనికి ఇద్దరూ పదమూడు సోడాలు ఖర్చు చేశారు. అప్పటి అతని నవ్వు గుర్తొచ్చి రమణి పెదవి కదిలింది. "రేపే చేరతా, సార్," అంది.

* * *

షాపు పేరు 'గతవైభవం'. ముందు గదిలో ఏసీ, అగరొత్తులు, పసుపురంగు బల్బులు. వెనక దొడ్లో నరకం.

అక్కడ నడుములోతు గుంట ఒకటుంది. కుళ్ళిన చింతపండు, ఉప్పు, పేడ, పొరుగు మందలనుంచి డబ్బాల్లో తెప్పించిన మేక మూత్రం. నిన్న కొన్న ఇత్తడి దీపపు సెమ్మె ఆ గుంటలో పదిరోజులుంటే చోళులనాటిదై పైకి వస్తుంది. ఉదయగిరి కొయ్య గరిటెలను టీ డికాక్షన్‌లో ఉడికిస్తే నవాబులు వాడినవి. పని కొత్తలో రమణి పొద్దున తిన్న దోసె గోడపక్కన వదిలిపెట్టి వచ్చింది. తర్వాత ఉపవాసంతోనే డ్యూటీకి వచ్చేది.

"ముక్కు మూసుకోబాక పాపా," అన్నాడు జనార్దనయ్య, తమలపాకు నముల్తూ. "ఆ వాసనే మన బ్రాండు."

అబద్ధం కాదు. మొన్న బెంగుళూరునుంచి వచ్చిన ఒకావిడ సెమ్మెను ముక్కుకు ఆనించి గాఢంగా పీల్చి, "వావ్! ఓల్డ్ వరల్డ్ స్మెల్!" అంది. రమణి పక్కకు తిరిగి ఉమ్మింది.

ఆమెకు అంతకంటే అసహ్యం వేసింది గడపలను చూసి. సోమశిల డ్యాం కింద మునిగిన ఊళ్ళ జనం, ఇళ్ళు వదిలి వచ్చేటప్పుడు ఊడదీసి తెచ్చుకున్న గడపలు. జనార్దనయ్య వాటిని కట్టెల ధరకు కొంటాడు. నాలుగు కాళ్ళు తగిలిస్తే ఫారిన్ వాళ్ళకు కాఫీ టేబుల్. అమ్మలూ అవ్వలూ కాలు తగలకుండా దాటిన చెక్కమీద బూట్లు పెట్టుకుని కాఫీ తాగుతారు. గిరాకీ ఎక్కువై, ఒక అసలు గడపను చూసి మూడు కొత్తవి చేయించాడాయన. డ్రిల్లుతో ఒక్కోదానికి మూడొందల చెదరంధ్రాలు వేయించి, నాలుగింటినీ కలిపి గుంటనీళ్ళతో నల్లబరిచాడు.

"కస్టమర్‌కు రెండొందల ఏళ్ళది. కస్టమ్స్‌కు పోయిన నెల చేసింది. రెండింటికీ కాగితాలు ఉండాయి," అని గర్వంగా చెప్పుకునేవాడు.

* * *

శుక్రవారం. తొమ్మిదీ పది. లారీ ఇంజను స్టార్టయి ఉంది. మొన్నటినుంచి తాళంలో ఉండి అప్పుడే దొడ్లోకి వచ్చిన నాలుగు గడపలు తప్ప మిగతా సరుకంతా ఎక్కింది.

రమణి గాజులో మెటల్ స్కానర్ ఉంది. గడపమీద చెయ్యి పెట్టగానే కీచుమంది. ఇంకోచోట పెట్టింది, అక్కడా కీచుమంది. పాతదనం కోసమని జనార్దనయ్య ప్రతి గడపకూ పిడికెడు తుప్పు మేకులు దిగ్గొట్టించాడు! మొత్తం పన్నెండొందల రంధ్రాలు. ఇరవై నిమిషాలు. రమణి మొదటి రంధ్రానికి కన్ను ఆనించింది.

"స్టాప్ ఇట్, రమణీ."

గుమ్మంలో చాందిని. ఎర్ర పట్టుచీర, స్లీవ్‌లెస్ జాకెట్టు, నాలుగంగుళాల హీల్స్, మల్లెతోట నడిచొచ్చినంత సెంటు. ఆ దొడ్లో కంపు అంటని మనిషి ఆమె ఒక్కతే.

"ప్లాన్ మారింది. చిప్ ఈ కన్‌సైన్‌మెంట్‌లో లేదు. వేరేచోట దొరికిందని ఇప్పుడే కన్ఫర్మ్ చేశారు," అంది గొంతు తగ్గించి. "లారీని వదిలెయ్. చీఫ్‌కు నేను చెప్తాను."

రమణికి ఒళ్ళు తేలికైంది. అయితే ప్రసన్నకుమార్ బతికినట్టే. చేతులు కడుక్కుందామని కుళాయి వైపు నడిచింది.

అప్పుడే ముందుగదిలో గొడవ మొదలైంది.

"ఏం శెట్టీ! నా గడపను సముద్రం దాటిస్తా ఉండావంట? నాకొక మాట చెప్పబల్లేదా?"

"అమ్మేసినావు గదా అవ్వా! ఇంకేంది నీకు దాంతో పని?"

"అమ్మినా. మందులకు లేక అమ్మినా. శుక్రవారంపూట పసుపు లేకుండా పంపిస్తావా? బిడ్డను అత్తగారింటికి అట్లనే పంపిస్తారా ఎవురన్నా?"

జనార్దనయ్యను మోచేత్తో నెట్టుకుంటూ దొడ్లోకి వచ్చింది ఒక ముసలావిడ. ఆమె ఆదిశేషమ్మ. ఆ అసలు గడప ఆమెదే. చేతిలో తడిపిన పసుపు గిన్నె. గడపలను చూసి ఆగిపోయింది. నాలుగూ ఒకేలా ఉన్నాయి. ఒకదానిమీద వేలు పెట్టింది, ఇంకోదాన్ని తడిమింది, కళ్ళు చికిలించింది.

"నాది ఏదిరా?" అంది. "అరవై ఏళ్ళు పూసినా దానికి. నాకే తెలీకుండా చేసినావు గదరా, నీ చేతులు పడిపోను!"

జనార్దనయ్య లారీని ఆగమని చెయ్యూపాడు.

"సరే. నాలుగిటికీ పూస్తా," అని కూర్చుంది ఆదిశేషమ్మ.

"నో! డోంట్ టచ్!" చాందిని అరిచింది. "ఛీ, మరకలు పడతాయి!"

"పడనీ తల్లీ. పసుపు మరక మంచిదే."

మూడు గడపలు పూర్తయ్యాయి. అరచేయి నొక్కి రాస్తుంటే కొయ్య పసుపును పీల్చుకుంది, రంధ్రాలన్నీ పచ్చగా పూడిపోయాయి. నాలుగోదాని మధ్యలో మాత్రం, మినపగింజంత మేర, ఎంత రాసినా పసుపు నిలవలేదు. జారిపోయింది. అక్కడ కొయ్య లేదు. కొయ్యరంగు వేసిన ప్లాస్టిక్ లప్పం ఉంది.

రమణి ఆ నల్లచుక్కను చూసింది. తలెత్తి చాందినిని చూసింది. చాందిని కూడా ఆ చుక్కనే చూస్తోంది.

చిప్ లేదని చెప్పిన మనిషికి చిప్ ఎక్కడుందో ముందే తెలుసు!

"ఓ, డార్లింగ్," అంది చాందిని. హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. అది తుపాకి. రెండో చేత్తో ఉంగరం నొక్కింది. ఆ చుక్కలోంచి ఎర్రలైటు మెరిసింది. "కౌంట్‌డౌన్. ఇరవై సెకన్లు. కదిలావంటే కాలుస్తాను." అంటూ, రమణి చేయి అందకుండా, హీల్‌ను ఆ చుక్కమీద తొక్కిపెట్టింది.

ఆదిశేషమ్మకు తుపాకి కనపడలేదు. ఆమెకు కనపడింది చెప్పుకాలు.

"గడపమీద కాలు పెడతావంటే నీ..." తర్వాతి మాట అచ్చువేయడానికి వీలుకాదు. ముసలావిడ రెండుచేతులతో ఆ చీలమండ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. చాందిని వెల్లకిలా పడింది. గుండు రేకుల కప్పును చీల్చుకుని పోయింది. జనార్దనయ్య తుపాకిని చీపురుతో దూరంగా నెట్టి, అంతలోనే తను ఎవరి పక్షమో తేల్చుకున్నట్టు, "పోలీస్! పోలీస్!" అని కేకలు పెట్టాడు.

తొమ్మిది సెకన్లు. రమణి జడపిన్ను లాగి చుక్కను పెళ్ళగించింది. ఆరు. చిప్ వేలిమీదికి వచ్చింది, లప్పంతో, పేడతో, ఇంకా పేరు తలవడానికి వీల్లేని వాటితో మెత్తగా. నాలుగు. సుత్తి దూరంగా ఉంది, రాయి లేదు. మూడు. ఐదో పేరు గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని చిప్‌ను నోట్లో వేసుకుంది. మేక, చింతపండు, చెదపురుగు, రెండొందల ఏళ్ళూ ఒక్కసారిగా నాలుకమీదికి వచ్చాయి. దవడపన్ను కింద పెట్టి కొరికింది.

కటుక్కు.

ఆమె బుగ్గలోంచి మెరుస్తున్న ఎర్రలైటు ఆరిపోయింది.

* * *

పావుగంటకు చీఫ్ వచ్చాడు. మేకలు లేకుండా, వాసనతో.

"పదకొండు మందీ పదిలం," అన్నాడు. "నీకేం కావాలో చెప్పమ్మా."

రమణి పన్నెండోసారి పుక్కిలించి ఉమ్మింది. "గోలీసోడా, సార్. రెండు."

లారీ ఆగిపోయింది. చాందిని జీపెక్కింది. బేడీలు పడ్డ జనార్దనయ్య ముందు నిలబడి ఆదిశేషమ్మ మళ్ళీ అడిగింది, "ఇప్పుడన్నా చెప్పు శెట్టీ. నాది ఏది?"

ఆయన బేడీల చేతులతో నాలుగింటినీ తడిమాడు. "తెలీడంలా అవ్వా. నేనే కలిపేసినా."

సర్వీస్ వాళ్ళు గడపలను ల్యాబ్‌కు పంపారు. రెండు నెలలకు నిపుణుల రిపోర్టు సీలుతో వచ్చింది. నాలుగూ రెండు వందల ఏళ్ళవేనట. చీఫ్ దాన్ని రెండుసార్లు చదివి, నాలుగింటినీ ఆదిశేషమ్మకు అప్పజెప్పమని సంతకం చేశాడు.

ఇప్పుడు ఆవిడ ప్రతి శుక్రవారం నాలుగు గడపలకు పసుపు పూస్తోంది. ఇంటికి ఉన్న తలుపు ఒక్కటే కాబట్టి, చూడ్డానికి వచ్చిన చుట్టాలు నాలుగూ దాటాకగానీ లోపలికి రాలేకపోతున్నారు.