గుర్రు పెట్టే కిటికీ

అమ్మమ్మ పికప్ బండి వెనక, మొక్కలు పెట్టే చోట నిలబడింది. వెనక సీటు వెనకాల ఉన్న కిటికీ సగం తెరిచి ఉంది. ఆ సందులో ఒక క్యారట్ పెట్టి, "నొక్కు" అంది.

డ్రైవరు సీట్లో కూర్చున్న మనవరాలు తొందర స్విచ్ నొక్కింది. అద్దం మెల్లగా పక్కకి జరుగుతూ వచ్చింది. క్యారట్‌ని తాకింది. గుర్ర్ర్ మని ఒక చప్పుడు చేసి ఆగిపోయింది.

అమ్మమ్మ క్యారట్ బయటికి తీసి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. దాని మీద గీత కూడా పడలేదు. అప్పుడు క్యారట్ ఉన్న చోట తన చూపుడువేలు పెట్టింది.

"మళ్ళీ నొక్కు."

తొందరకి ఒళ్ళు జలదరించింది. అయినా నొక్కింది. అద్దం వచ్చి వేలిని తాకింది, గుర్రుమంది, ఆగింది. అమ్మమ్మ వేలు తీసుకుని తృప్తిగా తలూపింది. తను బాగుచేసిన ఏ మిషనైనా సరే, ముందు తన చేతి మీద చూసుకున్నాకే ఇంకొకరికి ఇవ్వడం ఆవిడ పద్ధతి.

క్యారట్ సంగతంటారా, తమ్ముడు పిడుగు అప్పటికే దాన్ని కరకరా నమిలేస్తున్నాడు.

తొందరకి అసలు పేరు వేరే ఉంది. ఒక కాలికే చెప్పు వేసుకుని గేటు దాటేసే పిల్లకి ఆ పేరు పెట్టింది అమ్మమ్మే. తమ్ముడు పిడుగు ఎందుకయ్యాడో, వాడితో ఒక్క పూట గడిపినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

వాళ్ళమ్మ నర్సరీ నుంచి మొక్కలు తీసుకెళ్ళి ఇళ్ళకీ ఆఫీసులకీ చేరుస్తుంది. బండి పాతది, కానీ మొండిది. మొన్నటిదాకా దాని వెనక కిటికీ అద్దాన్ని చేత్తో పక్కకి నెట్టాల్సి వచ్చేది. ఎండలో తెరవాలి, లేకపోతే వెనక సీట్లో పిల్లలు ఉడికిపోతారు. దుమ్ము రోడ్డు వస్తే మూయాలి. అమ్మకేమో భుజం నొప్పి. వెనక్కి తిరిగి అద్దం నెట్టిన ప్రతిసారీ పళ్ళు బిగబట్టి కళ్ళు మూసుకునేది. ఇంత పాత బండికి స్విచ్‌తో నడిచే కిటికీ ఎక్కడా దొరకదని షాపులవాళ్ళు చెప్పేశారు.

"దొరక్కపోతే చేసుకుందాం. కిటికీయేగా" అంది అమ్మమ్మ.

అమ్మమ్మ కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. కిటికీలు ఎప్పుడూ చేయలేదు. అయినా పాత కార్లు విప్పి అమ్మే చోటికి వెళ్ళి, ఒక కారు తలుపులోంచి తీసిన చిన్న మోటారు పట్టుకొచ్చింది. మొదట దానికి తాడు కట్టింది. మోటారు తిరిగింది, తాడు తిరిగింది, అద్దం మాత్రం నాకేం పట్టిందన్నట్టు కూర్చుంది. తర్వాత గొలుసు వేసింది. ఈసారి అద్దం ఎంత జోరుగా వెళ్ళిందంటే, ఫ్రేములోంచి ఊడొచ్చి అమ్మమ్మ ఒళ్ళో పడింది. పగలకపోవడం అదృష్టం. అమ్మమ్మ దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది.

చివరికి ఒక పాత కాలి మిషన్ నుంచి తోలు బెల్టు తీసి మోటారుకి తగిలించింది. ఆ బెల్టు ఎంత బిగువుగా ఉండాలో చూసుకోవడానికి ఒక స్ప్రింగు, దాని చివర రెండు చెవులున్న ఒక నట్టు పెట్టింది. పానా అక్కర్లేదు, చేత్తోనే తిప్పొచ్చు. మిషన్లో దారం మరీ బిగిస్తే తెగుతుంది, మరీ వదిలేస్తే చిక్కుపడుతుంది. బిగువు సంగతి అమ్మమ్మకి కొట్టినపిండి. నట్టు కాస్త తిప్పడం, క్యారట్ పెట్టి చూడడం, మళ్ళీ కాస్త తిప్పడం. నలిగిన క్యారట్లన్నీ వంటింట్లోకి వెళ్ళాయి. అన్ని రోజులూ ఆ ఇంట్లో క్యారట్ కూరే.

బిగువు సరిగ్గా కుదిరిన చోట అమ్మమ్మ నట్టు పక్కనే బోల్టు మీద ఎర్రటి నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టింది. అది చూసి తొందరకి కాళ్ళు నేల మీద నిలవలేదు. స్విచ్ నొక్కి, వెనక్కి తిరగకుండానే కిటికీ మూసినప్పుడు అమ్మ ముఖం ఎలా వెలిగిందో కూడా చూసింది మరి. ఇలాంటి అమ్మమ్మ తమ క్లాసులో ఇంకెవరికీ లేదని దాని గట్టి నమ్మకం. అది నిజమే కూడా.

మర్నాడు బడి గేటు దగ్గర అమ్మ బండి ఆపగానే తొందర స్నేహితులందర్నీ కేకేసి పిలిచింది. అమ్మ స్విచ్ నొక్కింది. కదలడం మొదలుపెట్టేటప్పుడు బెల్టు కొద్దిగా జారుతుంది కాబట్టి, అద్దం ముందు చిన్నగా గుర్రుమని, తర్వాత తాపీగా మూసుకుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. ఒకమ్మాయి ఇంకోసారి చూపించమని అడిగింది కూడా.

అంతలో క్లాసులో అందరూ సైంటిస్టు అని పిలిచే అబ్బాయి ముందుకొచ్చాడు.

"మా కారు అద్దమైతే కళ్ళు మూసి తెరిచేలోగా మూసుకుంటుంది. మీది గుర్రు పెట్టి నిద్రపోతోంది."

అందరూ గొల్లుమన్నారు. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి దానికి గుర్రు కిటికీ అని పేరు స్థిరపడిపోయింది. దాన్ని తన అమ్మమ్మ స్వయంగా చేసిందని చెప్పాలనుకుంది తొందర. చెప్పలేకపోయినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపం ఇంటికి వచ్చేసరికి కిటికీ మీదికి మళ్ళింది.

సాయంత్రం అమ్మ స్నానానికి వెళ్ళింది. అమ్మమ్మ ఎవరిదో మిషన్ ముందేసుకుని కూర్చుంది. తొందర బండెక్కి, వెనక సీటు వెనకాల చెయ్యి పెట్టి నట్టు తడిమింది. ఒక చుట్టు బిగించి స్విచ్ నొక్కింది. గుర్రు తగ్గింది. ఇంకాస్త తిప్పింది. అద్దం జోరందుకుంది. ఇక నట్టు తిరగనని మొరాయించేదాకా తిప్పేసింది. ఈసారి అద్దం చప్పుడు చేయకుండా రయ్యిన వెళ్ళి మూసుకుంది.

క్యారట్ గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. కిటికీలో చెయ్యి పెట్టేవాళ్ళు ఎవరుంటారులే అనుకుంది.

పొద్దున్నే గేటు దగ్గర అద్దం రయ్యిమనగానే సైంటిస్టు కళ్ళు ఇంతింత చేసుకుని చూశాడు. తొందర బ్యాగు ఊపుకుంటూ లోపలికి నడిచింది. ఈ రోజు కిటికీ భలే హుషారుగా ఉందే అని అమ్మ ఆశ్చర్యపోతే, విననట్టు అడుగు వేగం పెంచింది.

ఆ సాయంత్రం తన మిషన్ తీసుకెళ్ళడానికి టైలర్ పిన్ని వచ్చింది. కిటికీ సంగతి ఆవిడ చెవిన కూడా పడింది. ఒక్కసారి చూపించమని అమ్మమ్మని బతిమాలింది. అమ్మమ్మని ఆ మాట రెండోసారి అడగాల్సిన పనిలేదు. చీర కొంగు నడుముకి దోపుకుని బండి వెనక ఎక్కింది. తొందర స్విచ్ దగ్గర కూర్చుంది. పిడుగుని క్యారట్ తెమ్మంటే, వాడు ఖాళీ చేతులు చూపించి నాలుక బయటపెట్టాడు. ఉన్న ఒక్కటీ తినేశాడు.

"పోనీలే, నా వేలుందిగా. ఇది ఎంత బుద్ధిమంతురాలో చూడు" అని టైలర్ పిన్నితో చెబుతూ, అమ్మమ్మ కిటికీ సందులో చూపుడువేలు పెట్టింది. "నొక్కవే."

తొందర వేలు స్విచ్ మీద ఉంది. అద్దాల కిటికీ అవతల అమ్మమ్మ వేలు ఉంది. సూదుల్లో దారాలు ఎక్కించే వేలు, నిన్న రాత్రి పిడుగు కాలిలో ముల్లు తీసిన వేలు. ఆవిడ దాన్ని ఏ మాత్రం జంకు లేకుండా అక్కడ పెట్టి, టైలర్ పిన్ని వైపు తిరిగి నవ్వుతోంది. తొందర స్విచ్ మీంచి వేలు తీసేసింది.

"నొక్కవే. నిద్రపోయావా?"

"అమ్మమ్మా, వేలు తీసెయ్."

"ఎందుకే?"

"ముందు తీసెయ్. నేను నట్టు బిగించేశాను."

అమ్మమ్మ వేలు వెనక్కి తీసుకుంది. తొందర బ్యాగులోంచి పెన్సిల్ తీసి, వెనక సీటు మీదుగా వంగి సందులో అడ్డంగా పెట్టి, మళ్ళీ వచ్చి స్విచ్ నొక్కింది. పెన్సిల్ పటుక్కున విరిగి, ఒక ముక్క వచ్చి వెనక సీట్లో పడింది. అది ఎప్పుడూ పిడుగు కూర్చునే చోటు. పొద్దున బడికి వెళ్ళేటప్పుడు వాడు మొక్కల ఆకులు అందుకోవడానికి ఆ కిటికీలోంచే చెయ్యి బయటికి పెట్టాడు. తొందరకి అది ఇప్పుడు గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు.

అమ్మమ్మ కిందికి దిగి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఎంతదాకా తిప్పావని అడిగింది.

"తిరిగినంత దాకా" అంది తొందర వెక్కుతూ. బడిలో జరిగిందంతా చెప్పేసింది. అందరూ నవ్వారని, అమ్మమ్మ చేసిన కిటికీని చూసి నవ్వితే తను తట్టుకోలేకపోయానని చెప్పింది.

అమ్మమ్మకి కోపం వస్తుందేమోనని అందరూ చూశారు. ఆవిడ కొంగుతో మనవరాలి ముక్కు తుడిచింది.

"నా కోసం చేశావు, సరే. కానీ తొందరా, ఆ చప్పుడు తీసేయడం నాకు చేతకాక వదిలేశాననుకున్నావా? అద్దానికి ఏదైనా అడ్డొస్తే బెల్టు జారాలి. జారితేనే ఆగుతుంది. దాని కోసమే కదా అన్ని క్యారట్లు తిన్నాం."

తర్వాత నట్టు వైపు చూపించి, నువ్వే తిప్పాలి, నేను ముట్టుకోను అంది. బలం కొద్దీ బిగించిన నట్టు వదలడానికి మొరాయించింది. చేతులు ఎర్రబడ్డా తొందర ఆపలేదు. మెల్లమెల్లగా వెనక్కి తిప్పుతూ, నట్టు సరిగ్గా ఎర్ర చుక్క దగ్గరికి వచ్చేదాకా కళ్ళు తిప్పకుండా చూసింది. అంత నింపాదిగా ఆ పిల్ల ఒక పని చేయడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. మిగిలిన పెన్సిల్ ముక్క పెట్టి చూశారు. గుర్ర్ర్. పెన్సిల్ చెక్కు చెదరలేదు.

అలవాటు ప్రకారం అమ్మమ్మ వేలు పెట్టబోయింది. తొందర ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"తిప్పింది నేను. నేనే పెడతాను."

అమ్మమ్మ ఒక్క క్షణం దాని ముఖంలోకి చూసింది. డ్రైవరు సీట్లోకి జరిగింది. తొందర బండి వెనక ఎక్కి, కిటికీ సందులో తన వేలు పెట్టి, నొక్కమంది. అద్దం జరుగుతూ వచ్చింది. తొందర వేలు తీయలేదు. అద్దం చల్లగా తాకింది, గుర్రుమంది, ఆగింది.

"భేష్" అంది టైలర్ పిన్ని. అమ్మమ్మ అద్దం అవతల నుంచి అచ్చం తను చేసిన పని చూసుకున్నట్టే మనవరాల్ని చూసి, తృప్తిగా తలూపింది.

మర్నాడు బడి గేటు దగ్గర తొందర బండి దిగింది. సైంటిస్టు, ఇంకా నలుగురు అక్కడే ఉన్నారు. పిడుగు వెనక కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అక్కకి టాటా చెబుతున్నాడు. ముందు నుంచి ఇసుక లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ వస్తోంది. అమ్మ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా స్విచ్ నొక్కింది.

అద్దం కదిలింది. తొందర బండి వైపు పరిగెత్తబోయింది.

గుర్ర్ర్.

అద్దం పిడుగు మణికట్టుని తాకి ఆగిపోయింది. వాడికి ఆ సంగతే తెలియలేదు. టాటా చెబుతూనే ఉన్నాడు.

"మళ్ళీ గుర్రు పెట్టింది" అన్నాడు సైంటిస్టు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అవును. అది మా అమ్మమ్మ చేసిన కిటికీ" అంది తొందర గట్టిగా, అందరికీ వినపడేలా. తర్వాత బండి దగ్గరికి వెళ్ళి, తమ్ముడి చెయ్యి నెమ్మదిగా లోపలికి పెట్టి, ఇక మూయమని అమ్మకి చెప్పింది.