రాళ్ళేవి, కాటా?

రేగులగూడెం దొర గడీ ముందటి నుంచి రాత్రిపూట మనిషన్నోడు నడవడు. మోత్కూర్ నుంచి వచ్చేటోళ్ళు చెలకలల్లబడి రెండు మైళ్ళు చుట్టు తిరుగుతరు గని ఆ తొవ్వ తొక్కరు. ఎడ్లు సుత ఆ మలుపు కాడికి రాంగనే మెడలు పక్కకు తిప్పుతయి. ఆలేరు స్టేషన్ల రెండు వడ్లబస్తాలు రెండు సంకల పెట్టుకొని ఉరికే పహిల్వాను ఒకడు, ఆ గడీ పేరు చెప్తే చాలు, చేతుల ఉన్న చాయ్ ఒలకబోసుకున్నడు. పేరు చెప్పను... వాని మనుమలు ఇంక బతికే ఉన్నరు.

నైజాం కాలం, నలభై ఎనిమిది నాటి సంగతి. సంగపోళ్ళు గడీ మీదికి పోయిన రాత్రి, బురుజు మీది నుంచి దొర తుపాకులు పేలినయి. కింద మనోళ్ళ చేతులల్ల ఉన్నవి వడిసెలలే. వడిసెల తిప్పేటోడు ఒకడు, ఒడి నిండ రాళ్ళు పోసుకొని ఎనుక నిలబడి అందిచ్చేటోడు ఇంకొకడు. గట్ల జతలు జతలుగ పోయిండ్రు. అండ్ల లింగస్వామి ఒక్కడు గడీ దర్వాజ ముందటనే పడ్డడు. వానికి రాళ్ళందిచ్చిన కాటమయ్య మాత్రం మిగిలిండు.

మిగిలినోడు కత చెప్పాలె గద. కాటమయ్య చెప్పిండు. లింగస్వామి పడంగనే ఆ వడిసెల తాను అందుకున్న అన్నడు. మొదట్ల ఇద్దరిని పడగొట్టిన అన్నడు. పదేండ్లకు ఆ ఇద్దరు పన్నెండు మంది అయిండ్రు. తొంభై ఎనిమిది నాటికి ఒక్క రాయికి గుర్రమూ, గుర్రం మీది జమేదారూ, జమేదారు చేతిల తుపాకీ... మూడూ ఒక్కపారే కూలినయి. ఎవ్వరూ కాదనలే. చెప్పేటోని గొంతు గట్లుంటది మరి. ఆయన చెప్తాంటే నకిరేకల్ సంతల బేరాలు ఆగిపోయేటివి.

ఆ ఏడు ఎండకాలంల లింగస్వామికి స్తూపం కట్టిండ్రు. తెల్లారితే జెండా ఎక్కిచ్చుడు. ఎక్కిచ్చేది లింగస్వామి చెల్లె పుల్లమ్మ. పక్కన నిలబడి ఆ రాత్రి సంగతి ఊరందరికీ చెప్పేది కాటమయ్య.

ముందు రోజు పొద్దుగూకంగ పుల్లమ్మ ఆయన ఇంటికొచ్చింది. మా అన్న ఆఖరుకు ఏమన్నడో ఆ ఒక్క ముక్క నువ్వెన్నడూ చెప్పలే కాటన్నా, రేపన్న చెప్పు, విని సస్త... అని అడిగింది. చెప్త తియ్ అన్నడు కాటమయ్య. ఆమె పోయినంక అన్నం సయించలే.

రాత్రి రెండింటికి మోటర్ల కరెంటు వచ్చేది. వస్తే రెండు గంటలే. ఆలోపల మడి తడవాలె. చుట్టు తిరిగి పోతే అర్ధగంట తొవ్వలనే పోతది. కాటమయ్య పార భుజాన వేసుకొని, ఆ రోజు మాత్రం గడీ తొవ్వ పట్టిండు. ధైర్యానికి ఒక ఆసరా ఉంది. గడీ ముందటి అర్రను మోత్కూర్ యాకూబ్ కిరాయికి తీసుకొని కాలిపోయిన మోటర్లు చుడుతున్నడు. గడీ పేరు మంచిది కాదు గన్క కిరాయి అగ్గువ. యాకూబ్ పొద్దుగూకక ముందే తాళమేసి లూనా మీద పోతడు, అది వేరే సంగతి.

అమాస ముందటి చీకటి. కన్ను పొడిచినా కనపడదు.

దూరంగ బోర్ల మోటర్లు ఒక్కటొక్కటే అందుకున్నయి. కరెంటు వచ్చింది.

అప్పుడు... గడీ కిటికీల వెలుగు పడ్డది.

దీపం వెలుగు కాదు. నీలంగ... నీళ్ళల్ల సచ్చినోని మొకం లెక్క నీలంగ.

కాటమయ్య ఆగిండు. ముందటికి పోలేడు. ఎనుకకు మలుగలేడు. అంతల్నే ఇన్నడు —

ఢాం... ఢాం... ఢాం...

యాభై ఏండ్లయినా ఆ మోత ఆయన మరువలే. బురుజు మీది తుపాకులే. అండ్ల ఏ మాత్రం అనుమానం లేదు. ఆయన గుండె కొట్టుకునే సప్పుడుకు చెట్ల మీది కొంగలు లేసి ఆలేరు దిక్కు పోయినయంటరు.

కాళ్ళు ఆయన మాట ఇనలే. వాటంతట అవే కిటికీ దిక్కు నడిచినయి. సువ్వల సందుల నుంచి లోపలికి చూసిండు.

మోటర్ల నడుమ ఒక అద్దం. ఆ అద్దంల... మనుషులు. బొటనవేలంతటి మనుషులు. ఒక పక్క కత్తులు పట్టినోళ్ళు, గుంపుకు గుంపు, ఉరికొస్తున్నరు. ఇంకో పక్క వరసగ తుపాకులోళ్ళు. మోకాళ్ళ మీద కూసున్నరు. పొగ లేసింది. కత్తులోళ్ళు ఎక్కడోళ్ళక్కడ్నే పడ్డరు.

అద్దం ఒక్క లిప్త నల్లబడ్డది. మళ్ళ వెలిగింది. పడ్డోళ్ళందరు లేసి నిలబడి ఉన్నరు.

మళ్ళ ఉరికొచ్చిండ్రు. మళ్ళ పొగ. మళ్ళ పడ్డరు.

సచ్చినోళ్ళు సచ్చిన జాగాలనే రోజూ సస్తరని వాళ్ళ అవ్వ చెప్పేది. కాటమయ్య సువ్వలు పట్టుకున్న చేతులు విడువలేక పోయిండు.

అప్పుడు, ఆ మోతల నడుమ, చెవి పక్కనే —

"కాటా... రాళ్ళేవి?"

ఊరు దాటి, వాగు దాటి, హైవే మీది లారీలను దాటిపోయి ఉరికిండని కొందరు చెప్తరు. అబద్ధం. కాటమయ్య అక్కడ్నే కూలబడ్డడు. మూతి మట్టిల పెట్టి, ఎవరికీ ఇనరానంత సన్నగ అన్నడు.

"ఉరికిన లింగన్నా... నీ ఎనుక నుంచి ఉరికిన."

కరెంటు పోయింది. అద్దం ఆరింది. మోత ఆగింది. అటెనుక ఆకు సుత కదలలే.

తెల్లారి యాకూబ్ లూనా దిగేసరికి కాటమయ్య కిటికీ కింద కూసునే ఉన్నడు. యాకూబ్ ఎనుక అతని చెల్లె జాహేదా. నల్లగొండల కంప్యూటర్ కోర్సు చేసొచ్చిన పిల్ల. ఏమైంది తాతా అని నీళ్ళు తాపిండ్రు. చెప్పిండు కాటమయ్య. అద్దం సంగతి చెప్పిండు, మనుషుల సంగతి చెప్పిండు. పిలుపు సంగతి మాత్రం చెప్పలే.

జాహేదా చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. తాళం తీసి చూపిచ్చింది. పోరగాండ్లకు నేర్పుదామని హైదరాబాద్ నుంచి పాత కంప్యూటర్ తెచ్చి నాలుగు దినాలే అయింది. అండ్ల ఒక జపాన్ ఆట ఉంది. కత్తివీరుల కాలం పోయి తుపాకుల కాలం వచ్చిన దినాల లడాయి. ఉన్న పైకం కత్తులకు పెడుదమా, ఓడల మీద వచ్చే తుపాకులకు పెడుదమా, రైలు పట్టాలకు పెడుదమా అని మనమే ఎంచుకొని ఫౌజును నడపాలె. ఎవ్వరూ ముట్టకపోతే రెండు పక్కలా పెట్టెనే ఆడుకుంటది. పెట్టె పానం పోసుకోంగనే ఆట షురూ అయ్యేటట్టు జాహేదానే పెట్టుకుంది.

మరి రాత్రి దానికి పానం ఎవరు పోసిండ్రు?

అన్న దిక్కు చూసింది జాహేదా. యాకూబ్ తలకాయ గోక్కున్నడు. మోటర్ అన్నంక స్విచ్ వేసే ఉంచుతరు గద, కరెంటు రాంగనే దానంతట అది నడువాలె గద. చెయ్యి అలవాటు. సాయంత్రం కరెంటు లేనప్పుడు కంప్యూటర్ స్విచ్ సుత వేసే పోయిండు. అర్రకున్నది మోటర్ల లైనే.

"కంప్యూటర్ సుత మడికి నీళ్ళు పెడ్తదా అన్నా?" అన్నది జాహేదా.

కాటమయ్య నవ్విండు. ఎంత నవ్విండంటే బురుజు మీది పావురాలు లేసిపోయినయి. నడుము నిటారైంది, మీసం మీదికి చెయ్యి పోయింది. ఊళ్ళె మైకు సప్పుడు షురూ అయింది. స్తూపం కాడ జనం ఎదురుచూస్తున్నరు. గుర్రం, జమేదారు, తుపాకీ... ఈ ఏడు ఇంకో గుర్రం సుత పడేటట్టే ఉంది.

గడప దాటుకుంట ఆయన మలిగి అన్నడు.

"ఆట ఆడుకో బిడ్డా. గని ఆ తుపాకుల మోత జర తగ్గియ్యి. ముసలి గుండె."

జాహేదా నవ్వు ఆగింది. పెట్టె చుట్టు చూసింది, అన్న మొకం చూసింది.

"మోత ఎక్కడిది తాతా... దీనికి స్పీకర్లే లేవు. ఇంక కొనలే. ఇది మూగ పెట్టె."

కాటమయ్య పార అక్కడ్నే ఇడిసి నడిచిండు. ఎనుకకు తిరిగి చూడలే. మైకు దిక్కు పోలే. తిన్నగ పోయి, కొత్త చీర కట్టుకొని గడపల కూసున్న పుల్లమ్మ ముందట నేల మీద కూసున్నడు.

"పుల్లా... మీ అన్న ఆఖరుకు రాళ్ళడిగిండు. అప్పటికే నేను వాగు దాటిన. రాళ్ళన్ని నా ఒడిలనే ఉండె."