మూడో మెరుపు

డోర్నకల్ జంక్షన్‌లో ఇంటెలిజెన్స్ ఏజెంట్ కట్టయ్యను గూడ్స్ రైలు కిందికి తోసి చంపారు. డిపార్ట్‌మెంట్ దాన్ని యాక్సిడెంట్ అని రాసి ఫైలు మూసింది.

ఆ ఫైలు మూసిన చీఫ్ రాజేశ్వర్ రావు ముందు, ఆ వారంలోనే, ఏజెంట్ ఎల్లస్వామి పళ్లు బిగబట్టి నిలబడ్డాడు.

"మిషన్ విను," అన్నాడు చీఫ్. "రేపు మధ్యాహ్నం డోర్నకల్ దిక్కు నుంచి గూడ్స్ వస్తది. ఒక వ్యాగన్ల మిలటరీ రాడార్. ఏదో కల్వర్టు కింద బాంబు పెట్టిండ్రు. స్విచ్ పట్టుకున్నోడు తుప్పల్ల ఉంటడు, వానికి రైలు కనపడదు. కార్ల్ బోడగుట్ట మీదికెల్లి చూసి అద్దంతోని మూడుసార్లు మెరిపిస్తడు. మూడో మెరుపుకు వాడు స్విచ్ నొక్కుతడు."

పక్షుల ఫొటోలు తీసుకునే దొర వేషంలో తిరుగుతున్న విదేశీ గూఢచారి కార్ల్.

"రైలు ఆపుండ్రి సార్."

"ఆపితే ముఠా అంత మాయమైతది. గుట్ట ముందు దారిల వాని మనుషులున్నరు. నువ్వు వెనుక బండ ఎక్కు. తుపాకి చప్పుడైతే స్విచ్ కాడోడు వెంటనే నొక్కుతడు. అందుకే ఇది."

టేబుల్ మీద జాతరలో బెలూన్లు కొట్టే ఎయిర్ రైఫిల్ ఉంది.

"ఈ కబురు ఎవరిచ్చిండ్రు?"

"లిదియా."

ఎల్లస్వామి కళ్లు ఎర్రబడ్డాయి. లిదియా కార్ల్‌కు సెక్రటరీ, చీఫ్‌కు ఏజెంట్. డబుల్ ఏజెంట్. "కట్టయ్య గూడ ఆమె కబురు మీదనే పోయిండు గదా!"

"ఆర్డర్ ఈజ్ ఆర్డర్. ఆమె గాగుల్స్ తీస్తే రెడీ అని గుర్తు. పో."

నిటారు బండ ఎక్కాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. తుపాకి వీపున వేలాడాలి. దానికేమో పట్టీ తగిలించే కొక్కెమే లేదు.

కొత్తవాడలో కట్టయ్య ఇంట్లో, మగ్గం పక్కన పని మొదలుపెట్టాడు ఎల్లస్వామి. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, బారెల్‌కు పైపు క్లిప్పు బిగించాడు. పట్టీ తగిలించి గోడ మీద సున్నం చుక్కకు గురిపెట్టి కొట్టాడు. గుండు పక్కకు పోయింది. పట్టీ లాగినప్పుడల్లా బారెల్ మీద బరువు పడుతోంది. క్లిప్పు పీకి విసిరికొట్టాడు.

ఈసారి బారెల్ జోలికి పోకుండా, కింది చెక్కకే ముందువైపు రింగు స్క్రూ బిగించాడు. గుండు పెడదామని బారెల్ వంచితే సగంలో ఆగిపోయింది. స్క్రూ మొన లోపల లీవరుకు అడ్డం పడుతోంది.

"నీ అయ్య! ఒక్క సక్కటి తుపాకి ఇయ్యలేడు గని..." చీఫ్‌ను తిట్టుకుంటూ స్క్రూ ఊడదీసి, హ్యాక్సా బ్లేడుతో మొన కోసి మళ్లీ బిగించాడు.

"ఎల్లస్వామీ, కోపం చెక్క మీద సూపకు, పగుల్తది," అంది కట్టయ్య భార్య సోమక్క.

అతను ఊపిరి పీల్చుకుని, భుజానికి ఆనించే మడమ చెక్కకు మొదట సన్నటి బెజ్జం చేసి, రెండో రింగు నెమ్మదిగా తిప్పాడు. సోమక్క జంపఖానా నూలుతో గట్టిగా నేసిన పట్టీ తెచ్చి రెండు రింగుల్లోంచి దూర్చింది.

"ఆయన రైలు కింద పడలే. తోసిండ్రు. నాకెర్కే. వాడు దొరుకుతడా?"

"దొరుకుతడు వదినా."

మర్నాడు ఎండకు బండ పెనంలా కాలుతోంది. వేళ్లు బొబ్బలెక్కుతుంటే ఎల్లస్వామి పాకాడు. వీపు మీద తుపాకి అటూ ఇటూ ఊగింది, రింగులు కిర్రుమన్నాయి. ఊడలేదు.

గుట్ట అంచు నుంచి తల ఎత్తి, వీపు మీది తుపాకి తీసి గురిపెట్టాడు. ముప్పై గజాల దూరంలో కార్ల్, చేతిలో అద్దం. పక్కనే ఎర్ర చీరలో లిదియా, కళ్లకు నల్ల గాగుల్స్. అతని గురికీ అద్దానికీ మధ్య సరిగ్గా ఆమె భుజం అడ్డం.

రైలు కూత వేసింది. ఒక మెరుపు. రెండో మెరుపు.

ద్రోహి! ఎల్లస్వామి పళ్లు పటపట కొరికాడు.

లిదియా గాగుల్స్ తీసింది. చేయి జారినట్టు కింద పడేసి, "అయ్యో!" అంటూ వంగింది.

టప్!

కార్ల్ చేతిలో అద్దం భళ్లున పగిలింది. మూడో మెరుపు మెరవలేదు. కింద రాడార్ వ్యాగన్ దడదడలాడుతూ వెళ్లిపోయింది. కార్ల్ జేబులోకి చేయి పెట్టేలోపే లిదియా పిస్తోలు అతని మెడకు ఆనింది. మెరుపు కోసం తుప్పల్లోంచి తల బయటపెట్టినవాడిని, పట్టాల పొడవునా గ్యాంగ్‌మన్‌ల వేషంలో కాపు కాస్తున్న పోలీసులు అక్కడే పట్టుకున్నారు.

"కట్టయ్యను తోసినోడు వాడే," అంది లిదియా, కింద పట్టుబడ్డవాడిని చూపిస్తూ. "డోర్నకల్‌ల వల పన్నిండ్రు, ఒక్కణ్ని పంపకుండ్రని మీ చీఫ్‌కు ముందే చెప్పిన. వినలే."

ఎల్లస్వామి గుట్ట దిగేసరికి కింద జీపు దగ్గర చీఫ్ నవ్వుతూ చేయి చాచాడు. ఎల్లస్వామి ఆ చేయి పట్టుకోలేదు. చీఫ్ నవ్వు మాని, తుపాకి తీసుకుని తిప్పి చూశాడు.

"శాంక్షన్ లేకుండ గవర్నమెంట్ తుపాకికి బొక్కలెట్ల పెట్టినవ్? ఎక్స్‌ప్లనేషన్ రాయాలె."

"రాస్త సార్," అన్నాడు ఎల్లస్వామి. "ముందుగాల మీరు పోయి ఆ రైలుకెన్ని బొక్కలు పడ్డయో సూసి రాండ్రి."