గురువు నవ్విన వాక్యం

...నవ్వినవాడు నవ్వి ఊరుకున్నాడు, ఇన్ని వందల ఏళ్ళుగా తలలు పట్టుకున్నది మనం, అనుకుంటోంది జ్ఞానసుందరి, నుదుటికి మెత్తటి పట్టీ కట్టుకుంటూ. 2096లో, గుంటూరులోని ఆ ప్రయోగశాలలో, ఆమె ముందు గాజుపలకల మధ్య అరచేతి వెడల్పు పపైరస్ రెల్లుకాగితపు ముక్క ఉంది. బైబిలులో చేరకుండా మిగిలిపోయిన ఏదో తొలి క్రైస్తవ గ్రంథంలోది. 'శిష్యురాలు దీపంలో నూనె పోయబోయి ఒలకబోసింది. గురువు ఆమెను చూసి నవ్వాడు.' ఆ తరువాత చిరిగిపోయింది.

ఎగతాళిగా నవ్వాడని ఆమె వాదన. మురిపెంగా నవ్వాడని తోటి పరిశోధకుడు దేవసహాయం వాదన. తేల్చడానికి అతను మనోదర్శిని అనే మాట్లాడే యంత్రాన్ని తయారుచేశాడు. సిరా ఎంత లోతుకు ఇంకిందో, కలం ఎక్కడ తడబడిందో ఎక్స్‌రేతో చదివి, రాసేటప్పుడు రాసినవాడి మనసెలా ఉందో అది చెబుతుంది. అయితే చదివేవాళ్ళ మనసు కూడా అందులో కలిసిపోతుంది. పట్టీ దాన్ని గుర్తుపడితే, యంత్రం వడకట్టి తీసేస్తుంది. ఇద్దరూ విడివిడిగా చదివాకే తీర్పు చెబుతుంది; నిన్న అతని వంతు, ఇవాళ ఆమెది.

"ఓడిపోతే ఒప్పుకుంటారా?" అన్నాడు దేవసహాయం.

"మీ యంత్రం తప్పు చెబితే మీరొప్పుకుంటారా, డాక్టరుగారూ?"

డాక్టరుగారట. కాలేజీ రోజుల నుంచీ అతన్ని 'ఒరే సహాయం' అని పిలిచిన మనిషి తను. ఎనిమిదేళ్ళ కిందట గుడ్ ఫ్రైడే నాడు, చర్చిలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఐదోది, దాహం గురించినది, ప్రసంగించడం ఆమె వంతుకు వచ్చింది. ప్రసంగం మధ్యలో గొంతెండిపోయి గ్లాసెడు నీళ్ళూ గటగటా తాగేసింది. మొదటి వరసలో ఒక్కడు నవ్వాడు. ఆ నవ్వును ఆమె ఇంటికి మోసుకుపోయింది, ఇంతవరకూ దించలేదు. ఇప్పుడీ ముక్క తేలిపోతే ఇద్దరికీ మాట్లాడుకునే పని కూడా మిగలదు.

"చదవడం పూర్తయింది," అంది మనోదర్శిని. "ఇక్కడ రాసినవాడి చెయ్యి మామూలుగానే నడిచింది. ఎగతాళీ లేదు, మురిపెమూ లేదు."

"మరి ఇన్నాళ్ళూ నాకు కనిపించిందేమిటి?" అంది జ్ఞానసుందరి.

"మీ దగ్గర వడకట్టింది అవమానం. నిన్న దేవసహాయంగారు చదివినప్పుడు వడకట్టింది ప్రేమ. రెండూ చాలా పాతవి."

దేవసహాయం కళ్ళజోడు తీసి, శుభ్రంగానే ఉన్న అద్దాలను తుడవడం మొదలుపెట్టాడు. "అది అడిగితేగానీ చెప్పదు. మీరు అడక్కుండా ఉండాల్సింది."

ఎప్పుడో పోయిన మనిషి నవ్వు సంగతి కనుక్కోవడానికి ఇంత యంత్రం కావలసివచ్చింది. బల్లకు అవతల కూర్చున్న మనిషి సంగతి కనుక్కోవడానికి ఏం కావాలి?

ఆమె పట్టీ విప్పి పక్కన పెట్టింది.

"ఒరే సహాయం, ఆ రోజు చర్చిలో ఎందుకు నవ్వావు?"